చేనుకు కలివి కంచె

మెట్ట పొలములలో వేరుసెనగ, కంది, జొన్న, కూరగాయలు పండించు రైతునకు పంట వేయుట ఎంత పనియో, దానిని పశువుల నోట పడకుండ కాపాడుకొనుట అంత పని. ఎండుకంప నాటిన ఏడాది తిరుగకముందే చెదలు పట్టును. చెదలు పట్టనిది పొయ్యిలోనికి పోవును. రాతి కడీలు పాతి ముళ్ళతీగ లాగుటకు చిన్న రైతు పెట్టుబడి పెట్టలేడు. ఈ మధ్య సంవత్సరములలో కొందరు అడవిపందుల బాధ పడలేక పొలము చుట్టు తీగ కట్టి, రాత్రివేళ దానిలోనికి కరెంటు వదలుచున్నారు. ఇది నేరము. నేరమను మాట అటుంచి, తెల్లవారుజామున నీరు కట్టుటకు పోయిన పొరుగు రైతో, గేదెను వెదకికొనుచు వచ్చిన కుర్రవాడో ఆ తీగ తగిలి చనిపోయిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రములలోను మరల మరల వచ్చుచునే యున్నవి. పంటకు కావలి పెట్టిన తీగ ఇంటి యజమానినే బలిగొనిన సందర్భములును కలవు.

ఒకసారి నాటినచో తరము పాటు నిలుచునదియు, కొనవలసిన పని లేనిదియు, ఎవరి ప్రాణమును తీయనిదియు అగు కంచె మన గుట్టల వాలులలోనే పెరుగుచున్నది. అదియే కలివి. దీనిని పొలము గట్టునకు తెచ్చుకొను విధమును, ఆ పనిలో గల కష్టనష్టములను, దానివలన మన చేలకు వచ్చి చేరు పక్షులు, పురుగుల సంగతిని ఈ వ్యాసమున తెలుపుచున్నాను.

కలివి, వాక

ఈ రెండును ఒకే జాతికి చెందిన అన్నదమ్ముల వంటివి. గన్నేరు కుటుంబములోనివి. అడవి అంచులలోను, రాతి దిబ్బలపైనను తనంతట తాను మొలచు చిన్న పొద కలివి. శాస్త్రజ్ఞులు దీనిని కెరిస్సా స్పైనారం అందురు. దీని కాయ చిన్నది. పెరళ్ళలోను, తోటలలోను పెంచునది వాక; కెరిస్సా కరండాస్ అని దీని శాస్త్రనామము. వాక్కాయలు పెద్దవి, కండ గలవి. పప్పులోనికి, పచ్చడిలోనికి, పులిహోరకు చింతపండునకు బదులుగా వాడునవి ఇవియే. మిఠాయి దుకాణములలో కేకులపై ఎఱ్ఱగా మెరయు ‘చెర్రీ’లలో చాలభాగము పంచదార పాకములో ఊరవేసి రంగు వేసిన వాక్కాయలేనని అనేకులకు తెలియదు. కొన్ని చోట్ల వాకను కూడ కలివి అనియే పిలుతురు గనుక విత్తనము సేకరించునపుడు పేరును నమ్ముకొనక కాయను చూచుకొనవలెను.

ఆకులు ఎదురెదురుగా, దళసరిగా, నూనె రాచినట్లు మెరయుచుండును. కొమ్మ తుంచినచో తెల్లని పాలు కారును. ఆకుల వద్ద జంటలుగా గట్టి ముళ్ళుండును. మల్లెను పోలిన తెల్లని పువ్వులు గుత్తులుగా పూయును, సువాసన గలవి. పచ్చి కాయ ఎఱుపు తిరిగి, పండినపుడు నల్లబడును. వేసవిలో తక్కిన పొదలు మోడువారినప్పుడు కూడ ఇది ఆకు రాల్చక పచ్చగా నిలుచును. కంచెకు కావలసిన ముఖ్యగుణము ఇదియే. మాఘ ఫాల్గుణములలో ఆకు రాలి చిల్లులు పడు కంచె, సరిగా పశువులను పొలములపై వదలివేయు కాలమున పనికిరాకుండ పోవును.

ఇచట ఒక హెచ్చరిక. పాలు కారు ప్రతి చెట్టు కాయయు తినదగినది కాదు. ఇదే కుటుంబములోని గన్నేరు విషము. కలివి, వాకల పండ్లు మాత్రము నిర్భయముగా తినవచ్చును. పచ్చికాయల పాలు పెదవులకు అంటుకొని జిగురగును. అంతకు మించిన బాధ లేదు.

సర్కారు తుమ్మ ఏల వలదు?

కంచె అనగానే చాలమందికి సర్కారు తుమ్మ తలపునకు వచ్చును. అది త్వరగా పెరుగును, పశువులు దాని ఆకు తినవు. ఇది నిజమే. కాని అది మన దేశపు చెట్టు కాదు. 19వ శతాబ్దపు చివరి భాగమున విత్తనము తెప్పించి కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటించినది ప్రభుత్వమే. కాయలను మేసిన పశువులు పేడ ద్వారా గింజలను ఊరూర వెదజల్లినవి. నేడు చెరువు గర్భములు, కాలువ గట్లు, బీళ్ళు అది ఆక్రమించిన తీరు గ్రామాధికారులకు నేను చెప్పనవసరము లేదు. గట్టుపై పెట్టిన తుమ్మ నాలుగేండ్లకు చేనిలోనికి దిగును. లంటానా సంగతియు ఇంతే. పైగా దాని ఆకు తిన్న పశువు జబ్బు పడును. ఈ రెంటిలో దేనినైనను కంచెగా నాటుట, ముందు ముందు కొట్టించుటకు కూలి ఇచ్చుకొనుటకే.

కలివి ఇట్లు పైబడదు. దాని ఎదుగుదల మందము. దాని గుణమును అదియే, దోషమును అదియే.

ఏ నేలలు తగును

ఎఱ్ఱ చెల్కలు, గరప నేలలు, రాతి పొరలు గల వాలు భూములు, కొద్దిగా చవుడు పట్టిన గట్లు, అన్నిటను పెరుగును. వర్షాధారముననే బ్రదుకును. నీరు నిలుచు చోట మాత్రము వేరు కుళ్ళి చచ్చును. కనుక డెల్టా మాగాణి గట్లకు ఇది తగదు. నల్లరేగడిలో పెట్టదలచినవారు గట్టు పైభాగమున, నీరు జారిపోవు చోట నాటవలెను. బడి పిల్లలు నడచు ఇరుకు దారుల ప్రక్కను, ఇంటి గుమ్మము ముంగిటను పెట్టకుండుట మంచిది. ముల్లు గుచ్చుకొనినచో రెండు దినములు సలుపును.

విత్తనము, నారు

కొమ్మలు విరిచి పాతిన వేరు తొడుగుట అరుదు. కోరిన వాక రకమును పెంచుటకు గాలి అంట్లు కట్టవచ్చును గాని కంచెకు వందలకొలది మొక్కలు కావలెను గనుక విత్తనమే దారి. ఈ విత్తనమునకు నిలువ లక్షణము లేదు. పండు నుండి తీసిన గింజ కొద్ది వారములలోనే మొలకశక్తిని పోగొట్టుకొనును. నిరుటి గింజలు దాచి ఈ యేడు చల్లి, మొలవలేదని విసుగు చెందినవారు పెక్కుమంది.

బాగుగా నల్లబడిన పండ్లనే కోయవలెను. వాటిని నీటిలో పిసికి, ఇసుకతో రుద్ది, గుజ్జు పోవునట్లు కడిగి, నీడలో ఒకటి రెండు దినములు ఆరబెట్టి వెంటనే చల్లవలెను. ఎండలో ఆరబోయరాదు. గజము వెడల్పున ఎత్తు మడులు చేసి, మాగిన పశువుల ఎరువును ఇసుకను కలిపి, వ్రేలు ఎడముగా, అర అంగుళము లోతున గింజలను పెట్టవలెను. పైన తాటాకులతో పలుచగా నీడ కల్పించి, చిల్లుల డబ్బాతో నీరు చల్లుచుండవలెను. రెండు మూడు వారములలో మొలకలు వచ్చును. మడిలో తడి ఎక్కువైనచో నారుకుళ్ళు తగులును. మొలచిన తరువాత నీరు తగ్గించుట నేర్వవలెను.

నాలుగు ఆకులు తొడిగిన మొక్కలను సంచులలోనికి మార్చి, మరుసటి వానకాలము వరకు పెంచవలెను. ఏడాది వయస్సు లేని మొక్కను గట్టుపై నాటుట వృథా. జానెడు మొక్కను మేక ఒక్క నోటితో తీసికొనిపోవును.

లెక్క చూచుకొనుడు

ఎకరము చదరపు పొలము చుట్టుకొలత సుమారు 835 అడుగులు. రెండున్నర అడుగుల ఎడముతో ఒక వరుసకు 334 మొక్కలు పట్టును. ఒంటి వరుస కంచెలో ఒక్క మొక్క చచ్చినను ద్వారము తెరచినట్లే గనుక, రెండు అడుగుల దూరములో రెండవ వరుసను మొదటి దాని సందులకు ఎదురుగా నాటవలెను. అప్పుడు 668 మొక్కలు కావలెను. చచ్చినవాటి చోట మరల నాటుటకు కొన్ని కలుపుకొని 800 మొక్కలు పెంచుకొనుట శ్రేయము. అందుకు 1,500 గింజలు చల్లవలెను.

ఇక భూమి సంగతి. పెరిగిన కంచె నాలుగు అడుగుల వెడల్పు ఆక్రమించును. ఎకరము చుట్టును నాలుగు అడుగులనగా ఏడున్నర సెంట్లకు పైమాట. గట్టు ఎటులను సాగులో లేనిదే గనుక నిజమైన నష్టము ఇందులో కొంతభాగమే. అయినను ఎకరము, అర ఎకరము గల రైతు ఈ లెక్కను ముందే చూచుకొనవలెను. లాభములే చెప్పి మొక్కలు నాటించిన అధికారిని రైతు రెండవమారు నమ్మడు.

ఒక ఉపాయము కలదు. పక్కపక్కన నున్న నాలుగు ఎకరముల చదరపు పొలములకు విడివిడిగా కంచె వేసినచో మొత్తము 3,340 అడుగులగును. నలుగురును కలసి వెలుపలి హద్దుకు మాత్రము కంచె పెట్టుకొనినచో 1,670 అడుగులే. సరిగా సగము. మొక్కలు సగము, నీరు సగము, పోవు భూమియు సగము. లోపలి గట్లను ఎప్పటివలె వదలవచ్చును. ఇందుకు కావలసినది నలుగురి మధ్య సఖ్యత; అది మా శాఖ ఇవ్వగలిగినది కాదు.

నాటుటకు ముందు సర్వే రాళ్ళను సరిచూపించుకొనుట మరువరాదు. ఎండుకంపను పీకి జరుపవచ్చును. పదేండ్ల కలివి కంచెను జరుపలేము. హద్దు తగవు గల చోట కంచె వేసినచో తగవు కూడ వేరు పాతుకొనును. కంచె వేయదలచిన రైతు వచ్చి అడిగినపుడు గ్రామ రెవెన్యూ సిబ్బంది, సర్వేయరు ముందుగా హద్దులు చూపించి సహాయపడవలెను.

నాటుట, కాపాడుట

తెలంగాణములోను, ఉత్తర కోస్తాలోను మృగశిర, ఆరుద్ర కార్తెలలో నేల బాగుగా నానిన తరువాత నాటవచ్చును. రాయలసీమలో తొలి వానలను నమ్ముట ప్రమాదము; మఖ, పుబ్బ కార్తెల వరకు ఆగుట మేలు.

గట్టు వెంట అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు కాలువ త్రవ్వి, పైమట్టిని పశువుల ఎరువుతో కలిపి నింపవలెను. చెదలున్న చోట గుంటకు గుప్పెడు వేపపిండి చేర్చవలెను. సంచిని చింపి, మట్టిగడ్డ చెదరకుండ మొక్కను దింపి చుట్టును త్రొక్కవలెను. ప్రతి మొక్కకు పాదు చేసి, పాదులో ఎండుటాకు గాని వేరుసెనగ పొట్టు గాని పరచవలెను.

పని అంతయు ఇచటినుండియే ఆరంభమగును. “మూడేండ్లు ఎవరు కాస్తారయ్యా?” అని రైతులు నన్ను అడుగుచుందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మొదటి సంవత్సరము మొక్క అడుగు, అడుగున్నరకు మించి పెరుగదు. లేత చిగురును మేకలు ఇష్టముగా తినును. మొదటి వేసవిలో పది పదిహేను దినములకొకసారి మొక్కకు బిందెడు నీరు పోయవలసి యుండును. 668 మొక్కలకు బిందెడు చొప్పుననగా చిన్న పని కాదు.

నా సలహా యేమనగా, ఒకే యేట నాలుగు వైపుల నాటవలదు. పశువుల దారి ఏ వైపున కలదో ఆ వైపు మొదట నాటుడు. దానినే శ్రద్ధగా పెంచుడు. మరుసటి యేడు రెండవ వైపు. ఎండుకంప వేయు అలవాటు ఎటులను కలదు గనుక, నాటిన వైపున మొక్కలకు వెలుపల ఆ కంపను వేయుడు. ఆ కంప చివికిపోవు నాటికి లోపలి మొక్క లేచి నిలుచును.

ఇంకొక ఉపాయము బందారు మొక్కను తోడుగా పెట్టుట. కొన్ని చోట్ల దీనిని పుల్లేడు అందురు. ఇదియు మన గుట్టలదే, ఇదియు ఏడాది పొడవున పచ్చగా నుండునదే. దీని ఆకును పశువులు గాని మేకలు గాని ముట్టవు. కలివి కంటె త్వరగా పెరుగును. వెలుపలి వరుసలో బందారు, లోపలి వరుసలో కలివి నాటినచో బందారు చాటున కలివి తలయెత్తును. కలివి గట్టిపడిన తరువాత బందారును నరికి పందిరి గుంజలకు, వంటచెరకునకు వాడుకొనవచ్చును.

మొక్క అడుగున్నర ఎత్తునకు రాగానే తల తుంచవలెను. తుంచుటకు చాలమందికి మనసొప్పదు. కాని తుంచని మొక్క పైకి పోయి అడుగున బోసిపడును. కంచెకు బలము అడుగున ఉండవలెను. మూడవ యేట కొమ్మలను పక్కలకు వంచి, ఒకదానిలో నొకటి దూర్చి అల్లవలెను. నాలుగు, ఐదు ఏండ్లకు నడుము దాటిన ఎత్తున దట్టముగా కమ్మును. అప్పుడు ఆవు, గేదె, గొఱ్ఱె దూరవు. మేక మాత్రము సందు వెదకుచునే యుండును.

అడవిపందుల మాట రైతులు తప్పక అడుగుదురు. కలివి కంచె పందిని నూటికి నూరుపాళ్ళు ఆపునని నేను చెప్పను. అడుగున సందు దొరికిన పంది మూతి పెట్టి త్రవ్వును. కంచెకు వెలుపల రెండడుగుల కందకము త్రవ్వి, ఆ మట్టిని మొక్కల మొదళ్ళకు ఎగద్రోసినచో దాని పని కష్టమగును. చాల మందలు మఱియొక దారి చూచుకొనును. అంతవరకే. కోతులకు ఏ ముళ్ళకంచెయు అడ్డు కాదు.

కంచె ఇచ్చునది

మూడవ నాలుగవ యేటినుండి కాపు వచ్చును. లోపలి వరుసలో అక్కడక్కడ పెద్దకాయ వాకను నాటుకొనినవారికి ఇంటి వాడకమునకు పోను సంతకు కూడ కాయలు మిగులును. పచ్చడికి, పప్పునకు ఎఱుపు తిరుగు కాయను, తినుటకు నల్లని పండును కోయవలెను. కాయలో జిగురు గుణము అధికము గనుక జెల్లీ చక్కగా గట్టిపడును. మహిళా సంఘముల వారు వానకాలమున ఈ కాయతో ఊరగాయ పెట్టి అమ్ముకొనవచ్చును. ఐనను కంచెను తోటగా భావించి పండ్లపై పెద్ద ఆశ పెట్టుకొనరాదు. అందులో సగము మనది కాదు.

ఆ రెండవ సగము ఎవరిదో చెప్పవలసి యున్నది.

పువ్వుకు సన్నని పొడవైన గొట్టముండును. పొడవైన నాలుక గల రెక్కపురుగులు సంధ్యవేళ వచ్చి అందలి తేనెను త్రాగును. ఆకుపై ఒక్కొక్కప్పుడు వ్రేలి లావున, తోకపై కొమ్ము, మెడ వద్ద నీలి కన్నుల వంటి మచ్చలు గల పచ్చని గొంగళిపురుగు కనబడును. ఇది గన్నేరుపై కూడ బ్రదుకును. దానిని చూచి మందు కొట్టుటకు పరుగెత్తవలదు. అది వేరుసెనగకు గాని కందికి గాని రాదు. నాలుగు కొమ్మల ఆకు తిని, నేలలోనికి దిగి, ఆకుపచ్చని అందమైన రెక్కపురుగై లేచును. కలివి ఆ నాలుగు కొమ్మలను నెల తిరుగక మునుపే చిగిర్చుకొనును.

పండ్లు నల్లబడగానే పిగిలిపిట్టలు, గోరింకలు, కోయిలలు చేరును. అడవి సమీపమున నున్న చోట ఎలుగుబంటి కూడ కలివి పండును వదలదు. పిట్టలు తిని వేసిన గింజలే గుట్టలలో క్రొత్త కలివి పొదలు. ముళ్ళ నడుమ పిల్లికిని కాకికిని అందకుండ పిగిలిపిట్టలు, బెళవ గువ్వలు గూళ్ళు కట్టుకొనును. అడుగున నీడలో కౌజులు, పూరేళ్ళు, ముంగిసలు, ఉడుములు తలదాచుకొనును. జెముడుకాకి దట్టమైన పొదను కోరు పక్షి; ఎలుక పిల్లలను, నత్తలను, గొంగళిపురుగులను ఏరుకొని తినును. గట్టు పొదలన్నియు కొట్టివేసి, ఎలుకలు పెరిగినవని మందు కొనుట మనము కొన్నేండ్లుగా చేయుచున్న పని.

పిట్టలు చేరిన పంటకు నష్టము కాదా యని అడుగుదురు. పండ్లు తిను పిట్టలును, గింజలు తిను పిట్టలును వేరు. ఐనను జీనువాయి వంటి గింజలు తిను చిన్న పిట్టలు కూడ ముళ్ళపొదలలో గూళ్ళు కట్టును. కనుక జొన్న, సజ్జ పాలు పోసుకొను వేళ కాపలా తప్పదు. వేరుసెనగ, కంది, కూరగాయల చేలలో ఈ చింత లేదు. పాముల భయము గలవారు కంచెకు లోపలి వైపున మూడడుగుల బాటను గడ్డి లేకుండ శుభ్రముగా నుంచుకొనవలెను. ఆ బాట మఱియొక విధముగాను అవసరము. కంచె వేరు చేనిలోనికి ప్రాకి పక్క సాళ్ళ బలమును లాగును. కంచే చేను మేసినదన్న సామెత ఈ మేరకు నిజమే. ఏడాదికొకసారి బాట వెంట నాగటితో లోతుగా ఒక చాలు తోలినచో ఆ వేళ్ళు తెగును.

కత్తిరించు కాలమును పిట్టలకు అనుకూలముగా నిర్ణయించుకొనుట వలన మనకే లాభము. పండ్లు అయిపోయిన వెనుక, వానలు వెనుకబట్టకముందే కత్తిరించవలెను. అప్పటికి గూళ్ళలో పిల్లలు ఎగిరిపోవును. కత్తిరించిన కొమ్మకు తేమ ఉండగానే చిగురు వచ్చి, వచ్చు వేసవికి పూత పట్టును. ఒక యేడు లోపలి ముఖమును, మఱుసటి యేడు వెలుపలి ముఖమును కత్తిరించినచో ఏ యేటను కాపు పూర్తిగా పోదు. వేసవిలో, గూళ్ళ కాలమున, కత్తి పెట్టరాదు. కంచె క్రింద ఎండుగడ్డికి నిప్పు పెట్టుట అంతకంటె చెడ్డపని. ఐదేండ్ల శ్రమ ఒక్క పూటలో పోవును.

కలివి కోడి

కడప జిల్లా సిద్ధవటము ప్రాంతపు ప్రజలకు తప్ప తక్కినవారికి అంతగా తెలియని పక్షి కలివి కోడి. కలివి పొదల నడుమ తిరుగునది గనుక ఆ పేరు వచ్చినది. పేరు కోడియే గాని కోడి జాతి కాదు. రాత్రివేళ పొదల మధ్య ఖాళీ నేలలో నడచుచు చెదలను, పురుగులను ఏరుకొని తినును. జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు 1848లో దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత ఎవరికిని కనబడక పోవుటచే అంతరించినదనియే తలచిరి. 1986 జనవరిలో లంకమల కొండల దాపున అది మరల కనబడెను. పట్టి చూపినవాడు చదువుకొనిన శాస్త్రజ్ఞుడు కాడు, ఆ పొదలలో తిరుగు స్థానికుడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు దానిని గుర్తించిరి. అటుపిమ్మట ప్రభుత్వము శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమును ఏర్పరచినది. ప్రపంచములో మిక్కిలి ప్రమాదస్థితిలో నున్న పక్షులలో ఇది యొకటి.

గట్టుపై కలివి నాటినంత మాత్రమున ఈ పక్షి మన చేనికి వచ్చునని ఎవరును భ్రమపడరాదు. దానికి కావలసినది కంచె కాదు. పొదకు పొదకు నడుమ ఖాళీ నేల గల పలుచని చిట్టడవి. ఆ చిట్టడవినే మనము పనికిరాని కంపగా భావించి, చదును చేసి, తోటలు వేసి, కాలువలు త్రవ్వి, సర్కారు తుమ్మకు వదలి, చాలవరకు పోగొట్టుకొంటిమి. లంకమల ప్రాంతపు రైతులు, గ్రామాధికారులు ఒక్క విషయము గుర్తుంచుకొనిన చాలును. క్రొత్తగా నాటు కలివి పొలము గట్టుకే. గుట్ట వాలులో ఉన్న కలివిని ఉన్నట్లే ఉండనీయవలెను. ఆ నేలను దట్టముగా మొక్కలు నాటి నింపుట కూడ ఆ పక్షికి కీడే. అచట అటవీ శాఖ వారి అనుమతి లేనిదే గడ్డపార పెట్టరాదు.

తక్కిన జిల్లాలలో కూడ బాట వెడల్పు చేయునపుడు, పోరంబోకు శుభ్రము చేయించునపుడు యంత్రముతో పొదలన్నిటిని ఒక్కమారుగా ఊడ్చివేయుచున్నారు. పంచాయతీ వారు తుమ్మకును కలివికిని గల భేదమును యంత్రము నడుపువానికి ముందుగా చూపి, కలివి పొదలకు సున్నముతో గుర్తు పెట్టించినచో ఖర్చు లేకుండ విత్తనపు చెట్లు మిగులును. ఊరికి పది పన్నెండు కాపు పట్టిన పొదలున్నచో ఆ ఊరి కంచెలన్నిటికి సరిపడు గింజ దొరకును.

పండ్లు చాల చోట్ల పుష్యమి, ఆశ్లేష కార్తెల నాటికి నల్లబడును. సంచులు, ఎరువు, ఇసుక ఆ లోపుననే సిద్ధము చేసికొని యుండవలెను. పండ్లు ఇంటికి వచ్చిన తరువాత వెదకికొనుటకు ఈ గింజ ఆగదు. పండ్లు కోయు పని పిల్లలకు అప్పగించినచో సగము వారి నోటిలోనికే పోవును. కోపపడవలదు. గింజను మాత్రము బుట్టలో ఉమ్మివేయుమని చెప్పిన చాలును.